మట్టి ఇచ్చిన ముక్క

"నేను సంతకం పెట్ట. పెట్టనంటే పెట్ట," అన్నాడు కొమురయ్య మూడోసారి.

దుర్గవ్వ చేతిలోని దవాఖాన ఫైలును ఆయన అన్నం పళ్ళెం పక్కన విసిరికొట్టింది. ఫైలు మీద పెద్ద అక్షరాలతో కొమురయ్య పేరే ఉంది. లోపల రాసి ఉన్న కడుపు మాత్రం ఆయన తమ్ముడు అంకుశానిది, అంటే దుర్గవ్వ పెనిమిటిది.

"ఎందుకు పెట్టవు బావా? నీ పానం అడుగుతున్ననా? నీ సాంచాలు నా పేరున రాయమంటున్ననా? ఒక్క సంతకం."

"దొంగకార్డు ఇచ్చినందుకు నన్ను జైల్ల పెడ్తరు."

"పెట్టనీ. నీ తమ్ముడు కాటికి పోయేదానికన్న నువ్వు జైలుకు పోవుడు నయం."

మల్లవ్వ మొగుడి పళ్ళెంలో పప్పు వేయబోయి గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టింది. "దుర్గా, బువ్వ తినే మనిషి ముందట కాటి మాటలేందే?"

"బువ్వ దిగుతున్నదా అక్కా ఆయనకు? మాకైతే మంగళారం సంది దిగుతలేదు."

భివండి గైబీ నగర్‌లోని ఆ ఇంట్లో కింద బట్ట నేసే కార్ఖానా, పైన అన్నదమ్ముల రెండు సంసారాలు. కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతుంటే పైన ఉప్పు అందించమని అడిగినా పోట్లాడినట్టే వినిపిస్తుంది. ఇవాళ నిజంగానే పోట్లాట కాబట్టి సందు మొదట్లో చాయ్ తాగేవాళ్ళకు కూడా తెలిసిపోయింది.

అంకుశం గడప మీద కూర్చుని ఉన్నాడు. గొడవంతా తన కోసమే జరుగుతున్నా, పక్కింటి పంచాయితీ వినడానికి వచ్చినవాడిలా నేల చూపులు చూస్తున్నాడు. దుర్గవ్వకు అది ఇంకా మండింది. నీ పానం కోసం నేను గొంతు చించుకుంటుంటే నీ నోట్లో బెల్లపుగడ్డ ఉందా అని అడగాలనుకుంది. కానీ ముందు బావ సంగతి తేలాలి.

మంగళవారం ముంబై పెద్ద దవాఖానలో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. అందరికీ ఎడమవైపు ఉండే గుండె అంకుశానికి కుడివైపు ఉంది. కాలేయం ఎడమకు, జీర్ణాశయం కుడికి ఉన్నాయి. అద్దంలో చూసినట్టు లోపలిదంతా తిరగబడి ఉంది. అలాంటి మనుషులు ఉంటారట, ఏ తిప్పలూ లేకుండా బతికేస్తారట. ఈ మనిషికి ఆ వింత చాలదన్నట్టు, జీర్ణాశయం గోడలో అరుదైన గడ్డ పుట్టింది. రెండేళ్ళ కింద ఒకసారి కోసి తీశారు. ఇప్పుడు ఆ చోటనే మళ్ళీ మొలిచి, పెద్ద నెత్తురు నాళాన్ని ఆనుకుని కూర్చుంది.

"పదిమందికి చేసే వైద్యం ఈయనకు చేయలేం," అని చెప్పింది డాక్టరమ్మ హిందీలో. "కొలతలు తీసి కుట్టినట్టు ఈయన ఒక్కడి కోసం కుట్టాలి."

ఈ గడ్డల్లో మళ్ళీ రకాలున్నాయి. ఒకదానికి పనిచేసే మాత్ర ఇంకోదానికి పనిచేయదు. ఏది పనిచేస్తుందో ఆ గడ్డ ముక్కను పరీక్షిస్తే తెలుస్తుంది. మాత్రతో గడ్డ చిన్నదైతే, అప్పుడు ఆ తిరగబడిన కడుపుకు తగ్గట్టు ఆపరేషన్ ఎలా చేయాలో డాక్టర్లంతా కూర్చుని ఆలోచిస్తారు. రెండేళ్ళ కింద కోసిన ముక్కను మైనపు దిమ్మలో పెట్టి దాచి ఉంటారు, అది తెమ్మంది. అది లేకపోతే సూది గుచ్చి కొత్త ముక్క తీయాలి. గడ్డ ఉన్న చోటుకు సూది పోతే, గడ్డ పగిలి లోపల నెత్తురు కారవచ్చునని కూడా దాచకుండా చెప్పింది. డాక్టర్లు కూర్చునేది శుక్రవారం.

ఇవాళ గురువారం, మధ్యాహ్నం ఒంటిగంట.

దిమ్మ ఉండాల్సింది నిజాంపురాలో, ఆపరేషన్ చేసిన నర్సింగ్ హోం ల్యాబులో. అది కొమురయ్య పేరున ఉంది. ఆయన వచ్చి సంతకం పెడితే తప్ప ఇవ్వరు. ఆ రోజు అంకుశం నొప్పితో ముడుచుకుపోతుంటే మల్లవ్వ దగ్గరికి పరుగెత్తి రేషన్ కార్డు అడిగింది దుర్గవ్వే. వాళ్ళ కార్డు ఊళ్ళో ఉండిపోయింది. ఇక్కడి సర్కారు ఆపరేషన్‌కు ఇక్కడి కార్డే కావాలి. భివండిలో మనవాళ్ళకు కార్డు ఇవ్వడమంటే గిన్నెడు చక్కెర బదులిచ్చినంత తేలిక. ఒకామె పేరు మీద ఇంకొకామె కన్నది, ఒకడి పేరు మీద ఇంకొకడు కాలికి కట్టు కట్టించుకున్నాడు. అంకుశం అన్న పేరు మీద కడుపు కోయించుకున్నాడు. మంగళవారం దాకా అదొక తప్పని ఎవరికీ తోచలేదు.

"పెద్దబాపూ, జైలు గీలు ఏం లేదు," అంది కళ. దుర్గవ్వ కూతురు, ఇరవై ఒకటేళ్ళ పిల్ల. పక్కనున్న పూర్ణ ఊరి గోదాముల్లో పార్శిళ్ళు స్కాన్ చేసే ఉద్యోగానికి సెలవు పెట్టి మూడు రోజులుగా తండ్రి కాగితాలతోనే తిరుగుతోంది. "ముంబై మేడమ్‌నే సాంగిత్‌లా, ఆమెనే చెప్పింది. ముందు బ్లాక్, గా మైనపు దిమ్మ, తెండి, పేరు సంగతి లెటర్ రాసి సరిచేద్దాం అన్నది. లెటర్ నేనే టైప్ చేసిన. నువ్వు వచ్చి నిలబడితే చాలు."

"నీకు తెల్వదు బిడ్డా. నువ్వు ఊకో."

"ఆమె ఎందుకు ఊకోవాలె?" దుర్గవ్వ ముందుకు జరిగింది. "నీ మొదటి సాంచ వచ్చిననాడు రాత్రి పగలు రెండు పాళీలు నడిపింది ఎవలు బావా? నీ కొడుకు వైభవ్ పుట్టిననాడు నువ్వు ఊర్ల ఉంటే దవాఖానల కూసున్నది ఎవలు? గా మనిషికి ఇయ్యాల నీ చెయ్యి లేస్తలేదు. నాలుగు అక్షరాలకు."

కొమురయ్య చేతిలో కలిపిన ముద్ద అలాగే ఉంది. తమ్ముడి వైపు ఒకసారి చూశాడు. అంకుశం తల ఎత్తలేదు.

"నాతోని కాదు," అన్నాడు కొమురయ్య. గొంతులో మొండితనం కంటే వేరే ఏదో ఉంది. కోపంలో ఉన్న దుర్గవ్వకు అది చెవిన పడలేదు.

కళ మాత్రం పెద్దనాన్నను కాసేపు చూసి ఫోన్ తీసింది. "అవ్వా, థాంబ్. ఒక్క నిమిషం ఆగు. సంతకం లేకుండ ఇస్తరేమో ల్యాబోళ్ళనే అడుగుత."

"వద్దు," అన్నాడు కొమురయ్య.

ఆయన ఆ మాట అన్న తీరుకు మల్లవ్వ కూడా తలతిప్పి చూసింది. కళ అప్పటికే నంబరు నొక్కింది. కిటికీ మూసి, ఫోన్ గొంతు పెంచి నేల మీద పెట్టింది.

ల్యాబు మనిషి విసుగ్గా పేరడిగాడు, తేదీ అడిగాడు, రిజిస్టరు తిప్పాడు. ఆ కాగితాల చప్పుడు కూడా వినిపించింది. తర్వాత హిందీలో అన్నాడు: "ఆ బ్లాక్ ఇక్కడెక్కడిది? ఆపరేషన్ అయిన ఇరవై రోజులకే తీసుకుపోయారు కదా. ముంబైలో చూపించుకోమని రాసి మరీ ఇచ్చాం. కొమురయ్య అని సంతకం ఉంది."

కళ ఫోన్ ఆపింది.

దుర్గవ్వకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బావ మీదికి ఒక అడుగు వేసింది. తేలు కుట్టిన దొంగలా బావ ఇంతసేపూ మింగుకున్నది ఇందుకన్నమాట. జైలూ లేదు, కేసూ లేదు. అక్కడ లేనిదాని కోసం ఎక్కడ సంతకం పెడతాడు?

"ఏది బావా? ఏడ పెట్టినవ్?"

కొమురయ్య పళ్ళెంలో చెయ్యి కడుక్కున్నాడు.

"ముంబైల చూపిమ్మని రాసిచ్చిండ్రట. రెండేండ్లు. రెండేండ్ల సంది నీ బీరువల పెట్టుకొని కూసున్నవా? నీ సాంచాల మీదికి మనిషి దొరకడని భయమా? ముంబై తీస్కపోతే నీ కార్ఖానా ఎండుతదని చూసినవా?"

"దుర్గా, నోటికొచ్చినట్టు అనకు," మల్లవ్వ లేచింది.

"అంట. తోడబుట్టినోని నెత్తురు తాగిన సాంచాలు గివి. తుప్పువట్టి పోతయి. నువ్వు కూడ..."

"అన్నను అనకు."

గడప మీది నుంచి వచ్చింది ఆ మాట. ఉదయం నుంచి అంకుశం నోరు విప్పడం అదే మొదలు.

"ఆయన తప్పేం లేదు. నేనే తెమ్మన్న. ఆయన పేరున్నది గనక ఆయన సంతకం పెట్టిండు. తెచ్చి నా చేతిల పెట్టిండు. ఎవలకు చెప్పనని అవ్వ మీద ఒట్టు వేయించుకున్న."

దుర్గవ్వ మొగుడి వైపు తిరిగింది. తిరగడానికి కొంత సమయం పట్టింది. నోట్లో ఉన్న తిట్టు అంతా బావ కోసం పేర్చుకున్నది, దాన్ని ఇప్పుడు ఎక్కడ దించాలో ఆమెకు తెలియలేదు.

"నీకు తెలుసా? గడ్డ అని, గుండె కుడి దిక్కున్నదని, ముంబై పొమ్మన్నరని, అన్ని తెలుసా నీకు?"

"కోసిన డాక్టర్ నాకు చెప్పిండు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తీస్కపోతవ్. తీస్కపోతే మళ్ళ కోస్తరు." అంకుశం అరచెయ్యి కడుపు మీద పెట్టుకున్నాడు. "ఒక్కపారి తెరిచిండ్రు, చాలు అనుకున్న. పోయింది గద అనుకున్న."

"ఆ ముక్క ఏది?"

కొమురయ్యే చెప్పాల్సి వచ్చింది.

వాళ్ళ నాయన భూమయ్య వేలు ఒకప్పుడు సాంచలో పడి తెగింది. అప్పుడు తల్లి ఓదెమ్మ ఆ వేలుకు పసుపు రాసి, నీళ్ళు తాకని కొత్త గుడ్డలో చుట్టి, మనిషికి చేసినట్టే మట్టి ఇచ్చింది. ఒంట్లోంచి తెగింది ఊరి మీద దిక్కులేకుండా తిరిగితే, పోయిన తర్వాత మనిషికి నెమ్మది ఉండదని ఆమె చెప్పేది. అన్నదమ్ములిద్దరూ చిన్నతనంలో ఆ గుంత పక్కన నిలబడి తలా పిడికెడు మట్టి వేసినవాళ్ళే. తన కడుపు ముక్క ఎవరిదో అల్మారాలో సీసాల పక్కన పడి ఉందని తెలిసిన నాటి నుంచి అంకుశానికి నిద్ర పట్టలేదు. దిమ్మ తెచ్చుకున్నాడు. కుంకుమ బరిణెలో పెట్టాడు, కార్ఖానా గుడ్డలోనే చుట్టాడు.

"ఏడ పెట్టినవ్?" దుర్గవ్వ గొంతు తగ్గింది. తగ్గినకొద్దీ మల్లవ్వకు భయమేసింది.

"కార్ఖానల," అన్నాడు అంకుశం. "భివండిల మనకు మట్టి ఏడున్నది? అప్పుడు కింద మట్టి నేలనే గద. మోచెయ్యంత లోతు తీసి పెట్టిన."

కింద సాంచాలు ఆడుతూనే ఉన్నాయి, పళ్ళెంలో నీళ్ళు సన్నగా అదురుతున్నాయి.

కళ మళ్ళీ ఫోన్ చేసింది, ఈసారి ముంబై దవాఖాన మేడంకు. విషయం చెప్పడానికి దానికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. మరాఠీలో మొదలుపెట్టి హిందీలోకి జారి, మళ్ళీ మరాఠీలోకి వచ్చింది. మేడం చెప్పిందంతా విని, కళ కళ్ళు తుడుచుకుంది.

"మైనం అంత తొందరగ కరాబ్ కాదట. పరీక్షకు పనికొస్తదో రాదో చూస్తెనే తెలుస్తది, వాదా చెయ్యలేను, మాట ఇయ్యలేనన్నది. కడగొద్దు, ఎండల పెట్టొద్దు, ఎట్లున్నది అట్లనే తెమ్మన్నది. రేపు పొద్దున తొమ్మిదింటి లోపల."

దుర్గవ్వ కొంగు నడుముకు చెక్కింది.

కార్ఖానాలో కొమురయ్య కొడుకు వైభవ్, సాంచాలు నడిపే పర్శరాములు ఉన్నారు. చిన్నమ్మ మెట్లు దిగి వచ్చి, గోడ దగ్గరికి పోయి మెయిన్ స్విచ్ దించేసేసరికి వైభవ్ నోరు తెరిచాడు. ఆరు సాంచాలూ ఒక్కసారే ఆగాయి. పట్టపగలు గైబీ నగర్‌లో చప్పుడు ఆగితే మనుషులు కంగారుపడతారు. పక్క కార్ఖానా నుంచి ఎవరో ఏమైందని కేకేశారు.

కళ అన్నకు నాలుగు ముక్కల్లో చెప్పింది. వైభవ్ విని తల పట్టుకున్నాడు.

"చిన్నమ్మా, పాగల్ అయినవా? పోయిన దీపావళికి కాంక్రీట్ పోసినం. పాతయి ఎనిమిది తీసి కొత్తయి ఆరు ఎక్కిచ్చినం, సాంచాల వరస సుత మార్చినం. బోల్టులన్ని సిమెంట్ల పట్టుకొని ఉన్నయి. గిప్పుడు ఏ సాంచ లేపుమంటవ్?"

అదీ నిజమే. నేలంతా ఒకటే బూడిద రంగు. పాత సాంచాల గుర్తు ఒక్కటి కూడా లేదు. బరిణె ఎక్కడుందో చెప్పగలిగేవాడు ఒక్కడే, వాడు మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"చెప్పు," అంది దుర్గవ్వ. "ఏడున్నది?"

"వద్దు దుర్గా."

"ఏడున్నదో చెప్పు."

"మట్టి ఇచ్చినదాన్ని మళ్ళ పైకి తియ్యొద్దు. తీస్తే దాని వెనుక ఇంట్ల నుంచి ఇంకో పీనుగ లేస్తదని అవ్వ చెప్పేది. సూదితోనే తియ్యనీ. నేను సూదికి పోత. భయపడ."

"సూదితోని గడ్డ పగులుతదని చెప్పింది గద ఆమె. నీకు వినవడలేదా?"

"పగిలితే పగులుతది. గది నా రాత."

దుర్గవ్వ పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. ఈ మనిషి మెత్తని వాడని, ఎదురు చెప్పడని, అడిగింది కాదనడని అందరూ అంటుంటే ఆమె కూడా నమ్మింది. రెండేళ్ళు పక్కన పడుకుని, ఒక్క మాట బయట పెట్టకుండా నిద్రపోయిన మనిషి ఇతనే. ఆమెకు అతని మీద పుట్టిన కోపం, కొమురయ్య మీద పుట్టినదానికి పదింతలుంది. ఆ కోపంలోనే అతన్ని పట్టుకుని ఏడవాలని కూడా ఉంది. ఏడిస్తే ఈ మనిషి ఓదార్చడం మొదలుపెడతాడు, ఇవాళ్టి పొద్దు అట్లాగే గడిచిపోతుంది.

"చచ్చినంక నీ ఒళ్ళు పూరాగ ఉండాలని చూసుకున్నవ్," అంది. "మరి బతికున్నప్పటి సంగతి ఎవలు చూడాలె? నేనా? నాకు చెప్పకుండనే చూడాల్నా?"

అంకుశం మెట్లు దిగి గోడకు ఆనుకున్నాడు.

"మీ అవ్వకు తెలిసింది వేలు. వేలు మళ్ళ మొలవదు. నీ గడ్డ మొలిచింది. మీ అవ్వ ఉంటే ఇయ్యాల ఆమెనే తవ్వేది."

మూల నుంచి గడ్డపార తీసుకుంది. బరువుకు ఒక పక్కకు తూలి నిలదొక్కుకుంది. వైభవ్ అడ్డం రాబోయాడు. మెట్ల మీద నుంచి కొమురయ్య అన్నాడు: "ఉండనియ్."

"బాపూ, రేపు మాల్ పోవాలె..."

"ఉండనియ్ అన్న గద."

మొదటి సాంచ పక్కన, గోడ వారగా దుర్గవ్వ గడ్డపార దించింది. కాంక్రీట్ మీద చిన్న గాటు పడింది. ఆమె గాటు వైపు చూడలేదు, మొగుడి ముఖం చూసింది. అతను కదలలేదు. రెండో సాంచ దగ్గర ఇంకో దెబ్బ వేసింది, మళ్ళీ చూసింది. అరచేతులు మండుతున్నాయి. అంకుశం గోడకు ఆనుకుని కింద పెదవి కరిచి పట్టుకున్నాడు.

మూడో సాంచ దాటి నాలుగో దాని వైపు అడుగు వేసింది.

అంకుశం గోడను వదిలాడు. కడుపు పట్టుకునే, కానీ ఆమె కంటే త్వరగా నడిచాడు. నాలుగో సాంచకూ అయిదోదానికీ మధ్య సందులోకి వెళ్ళి, అక్కడ నేల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఎక్కడో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. తను ఏం చేశాడో అతనికి కూర్చున్నాక తెలిసింది, అయినా లేవలేదు.

దుర్గవ్వ అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"లెవ్వయ్యా."

"నన్ను పొడిచి తియ్యి," అన్నాడు అంకుశం. కోపంతో అన్న మాట కాదది. వీధిలో పిల్ల తప్పిపోయినవాడిలా భయపడి ఉన్నాడు.

కొమురయ్య మెట్లు దిగాడు. కొడుకు వైపు చూడలేదు, తమ్ముడి వైపూ చూడలేదు. పర్శరాములు చేతిలోంచి పానా తీసుకుని, నాలుగో సాంచ దగ్గర గొంతుక్కూర్చుని మొదటి బోల్టుకు తగిలించాడు. బలమంతా పెట్టి తిప్పితే అది కిర్రుమని కదిలింది.

"కళా," అన్నాడు తల ఎత్తకుండానే, "నీ బాపును లేపాలె, ఆ పక్క చెయ్యి పట్టుకో బిడ్డా."

కళ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. అంకుశం లేవకుండా రెండో చేత్తో సాంచ కాలిని గట్టిగా పట్టుకున్నాడు.